తాతగారి వంకర బాకు: ఇది పారశీకమా, దక్కనుదా?

గోదారిగట్టు:
సభ్యులకు నమస్కారం. మా మాతామహులు హైదరాబాదు రాజ్యంలోని ఒక జాగీరులో పేష్కారుగా పనిచేశారు. 1949లో జాగీర్లు రద్దయినప్పుడు ఆ కుటుంబం వారు జ్ఞాపకంగా ఇచ్చిన బాకు ఒకటి మా ఇంట్లో ఉంది. మొత్తం పొడవు సుమారు 38 సెంటీమీటర్లు, అందులో అలుగు (కత్తి రేకు) 25. అలుగుకు రెండు వైపులా వాదర (పదును అంచు) ఉంది. అది ముందు ఒకవైపు వంగి, మొన దగ్గరికి వచ్చేసరికి కొద్దిగా వెనక్కి తిరుగుతుంది. నడుమ పొడవునా ఈనె ఉంది. పిడి లేత ఆకుపచ్చ రాయి, చివర గుబ్బ ఒక పక్కకు ఒరిగి ఉంటుంది. పిడిలో పొదిగిన ఎర్రరాళ్లలో రెండు ఊడిపోయాయి. అలుగు మొదట్లో ఇరువైపులా బంగారు లత ఉంది. దానికి పైన ఒకవైపు పారశీక లిపిలో ‘యా ఫత్తాహ్’ అని, మరోవైపు నాలుగు అంకెలు ఉన్నాయి. వాటిని 1215 అని చదివాను.

ఒక తప్పు కూడా ఒప్పుకోవాలి. మా అమ్మమ్మ ప్రతి ఆయుధపూజకూ ఇత్తడి చెంబులతో పాటు దీన్ని కూడా చింతపండుతో తోమేది. అది చాలదన్నట్టు, మూడేళ్ల కిందట నేనే దీన్ని ఒక దుకాణంలో మెరుగుకు ఇచ్చాను. వారు చక్రం మీద ఒకవైపు అద్దంలా రుద్దేసిన తరువాత చూసి, రెండో వైపు ముట్టుకోనీయకుండా వెనక్కి తెచ్చుకున్నాను. రుద్దని వైపు బూడిదరంగు మీద నీటి అలల వంటి గీతలు కనిపిస్తాయి, రుద్దిన వైపు ఏమీ కనబడదు. చిత్రాలు జతచేశాను. ఇది ఇరాన్‌లో చేసినదా, మన ప్రాంతానిదా అన్నది తెలుసుకోవాలని ఉంది.

విశాఖతీరం:
లిపి పారశీకం, వంపు పారశీకం, అలల గీతలు డమాస్కస్ ఉక్కువి. కనుక ఇది ఇరాన్‌దే అయి ఉంటుందని నా అభిప్రాయం.

పాతకత్తి:
విశాఖతీరం గారి మూడు ఆధారాల్లో మూడూ నిలవవని సవినయంగా మనవి చేస్తున్నాను. గోల్కొండలోనూ, బీజాపూరులోనూ, తరువాత నిజాముల దర్బారులోనూ పారశీకం రాచకార్యాల భాష. అందుచేత హైదరాబాదులో పుట్టి పెరిగిన కంసాలి చేతి పని మీద పారశీక లిపి ఉండటంలో వింత లేదు. ‘యా ఫత్తాహ్’ అంటే తెరిచేవాడా, విజయమిచ్చేవాడా అని దైవాన్ని పిలవడం. ఆయుధాల మీద ఈ పిలుపు ఇస్తాంబుల్ నుంచి దక్కను దాకా కనిపిస్తుంది.

ఇక రూపం సంగతి. దీన్ని ఖంజర్ అంటారు. అబుల్ ఫజల్ ఆయినె అక్బరీలో అక్బరు ఆయుధాలను వరసగా చెప్పినప్పుడు జమ్‌ధర్ (తిన్నని బాకు), ఖంజర్ వేరువేరుగానే పేర్కొన్నాడు. అరబ్బుల వంకర బాకు జంబియా కొక్కెంలా ఎక్కువగా వంగుతుంది. ఇరాన్ ఖంజర్లకు చాలావరకు వాల్రస్ దంతం పిడి ఉంటుంది, ఆ పిడి నడుములో సన్నగా ఉండి రెండు చివరలా వెడల్పవుతుంది. పక్కకు ఒరిగిన గుబ్బతో పిస్తోలు పిడిలా కనిపించే రాతిపిడి మొగలాయి, దక్కను అభిరుచి. (మన నిఘంటువుల్లో వంకర బాకుకు ‘వంకి’ అనే చక్కటి పేరు ఉంది. ఇప్పుడు ఆ మాట ఆడవారి దండకడియానికే మిగిలిపోయింది.)

అయితే నేను అసలు చెప్పదలచినది ఇది: మీ చేతిలో ఉన్నది ఒక వస్తువు కాదు, నాలుగు. అలుగు, దానిమీది బంగారం, పిడి, ఒర. ఈ నాలుగూ ఒకే ఊళ్లో ఒకే ఏడాది పుట్టి ఉండాలన్న నియమం లేదు. మంచి అలుగు దొరికితే దానికి తరతరానికీ పిడి మార్చేవారు. కనుక ‘ఇది ఎక్కడిది’ అని ఒకే ప్రశ్న వేస్తే సమాధానం తప్పే వస్తుంది.

లోహపుముక్క:
పాతకత్తి గారు అలుగును విడిగా చూడమన్నారు కనుక నా వంతు చెబుతాను. నేను లోహశాస్త్రం చదివినవాడిని, ఉత్తర తెలంగాణవాడిని కూడా కనుక కొంత పక్షపాతం ఉంటే మన్నించండి.

రుద్దని వైపు కనిపిస్తున్న గీతలు ‘డమాస్కస్’ అని పిలవబడే ఉక్కువే. కానీ సిరియాలోని డమాస్కస్ నగరం ఆ ఉక్కును అమ్మిన సంతలలో ఒకటి మాత్రమే. ఉక్కు బిళ్లలు మన దేశం నుంచి, శ్రీలంక నుంచి, మధ్య ఆసియా నుంచి వెళ్లేవి. పారశీకులు దీన్ని పులాద్ అని, దాని గీతలను జౌహర్ అని అన్నారు. ఐరోపావారు వూట్జ్ అన్నారు, అది కన్నడ, తెలుగుల ‘ఉక్కు’ అన్న మాట నుంచే వచ్చి ఉంటుందని చాలామంది పండితుల అభిప్రాయం. డమాస్కస్ పద్ధతిలో గీతలు పడే ఉక్కు గోల్కొండ రాజ్యం నుంచి వస్తుందని పదిహేడో శతాబ్దపు ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే రాశాడు. ఆ కాలంలోనే ఇందల్వాయి మీదుగా ప్రయాణించిన ఫ్రెంచి యాత్రికుడు తెవెనో అక్కడ కత్తులు, బాకులు, ఈటెలు తయారై దేశమంతటా అమ్ముడవుతాయని, ఇనుము దగ్గరి కొండల గనుల నుంచే వస్తుందని నమోదు చేశాడు. ఇందల్వాయి నిజామాబాదు జిల్లాలో ఇప్పటికీ ఉన్న ఊరే.

ఇంకా విశేషమైనది ఆ ప్రాంతంలోనిదే అయిన కోనసముద్రం అనే పల్లె. భూగర్భ శాస్త్రవేత్త హెన్రీ వాయిసీ అక్కడి ఉక్కు తయారీని కళ్లారా చూసి రాసిన వివరణ 1832లో అచ్చయింది. ఇరాన్‌లోని ఇస్ఫహాన్ నుంచి వచ్చిన వర్తకుడు ఆ పల్లెలో స్వయంగా కూర్చుని బిళ్లలు కొనుక్కుంటుండగా చూశానని అతడు రాశాడు. పనితనం క్లుప్తంగా ఇది: బంకమట్టిలో ఊక కలిపి చేసిన మూసలో ఇనుము ముక్కలు పెట్టి, మూత మట్టితో మూసి, రాత్రీ పగలూ కొలిమి తిత్తులు ఆడిస్తారు. ఇనుము కార్బన్‌ను పీల్చుకుని కరుగుతుంది. ఆ తరువాత మూసను బయటికి తీయకుండా కొలిమిలోనే నెమ్మదిగా చల్లారనిస్తారు. వచ్చిన బిళ్లకు మట్టి పూసి, మెత్తబడే దాకా మళ్లీ మళ్లీ కాలుస్తారు. ఈ ఉక్కులో కార్బన్ సుమారు ఒకటిన్నర శాతం, అంటే మామూలు కత్తి ఉక్కుకంటే రెట్టింపు.

గీతలు పైన వేసినవి కావు. సిమెంటైట్ అనే గట్టి కార్బైడు రేణువులు వరుసలు కట్టి లోహం ఒంటినిండా ఉంటాయి. ఆమ్లం తగిలినప్పుడు వాటి చుట్టూ ఉన్న మెత్తని భాగం నల్లబడుతుంది, రేణువులు తెల్లగా నిలుస్తాయి. ఖనిజంలో వెనేడియం వంటి మూలకం లేశమాత్రంగా ఉంటేనే ఈ వరుసలు చక్కగా ఏర్పడతాయని అమెరికా లోహశాస్త్రవేత్త వెర్హోవెన్, కమ్మరి పెండ్రే కలిసి చేసిన ప్రయోగాల్లో తేలింది. కనుక గోదారిగట్టు గారూ, రుద్దిన వైపు గీతలు పోయాయని బెంగ పడకండి, అవి లోపలే ఉన్నాయి. మీ అమ్మమ్మగారి చింతపండు కూడా ఆమ్లమే. ఆవిడ తెలియకుండానే ఏటా జౌహర్‌ను తేలుస్తూ వచ్చారని అనుకోవచ్చు.

అలాగని దీన్ని కోనసముద్రం ఉక్కే అని నేను అనడం లేదు. కళ్లతో చూసి ఉక్కు ఊరు చెప్పడం సాధ్యం కాదు.

కొలిమిగాలి:
మాది కమ్మరి ఇల్లు. నాన్నగారి కాలం దాకా కొడవళ్లు, నాగటి కర్రులు చేశాం. పై వివరణకు పని వైపు నుంచి ఒక మాట చేర్చాలి. ఈ ఉక్కును కొట్టడం మామూలు ఇనుమును కొట్టినట్టు కాదు. మామూలు ఇనుమును తెల్లగా మెరిసేదాకా కాల్చి దాకలి మీద పెడతాం. దీన్ని అలా కాలిస్తే సుత్తి దెబ్బకు బెల్లం ముక్కలా చిట్లిపోతుంది. 1722లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు రియోమూర్ భారతదేశపు ఉక్కును పారిస్ పనివారికి ఇస్తే ఒక్కరూ పనిముట్టు చేయలేకపోయారని రాయడానికి కారణం ఇదే. వారు తమకు అలవాటైన వేడినే పెట్టారు. ఎర్రగా ఉన్నప్పుడే, ఆ ఎరుపు మసకబారేలోపే, చిన్న చిన్న దెబ్బలతో సాగదీయాలి. బిళ్ల బాకు అయ్యేసరికి ఎన్ని వందల సార్లు కొలిమిలోకి వెళ్లి వస్తుందో! లోహపుముక్క గారు చెప్పిన రేణువుల వరుసలు ఆ రాకపోకల్లోనే చిక్కబడతాయి.

మీ చిత్రాల్లో ఈనెను పెద్దది చేసి చూశాను. అలల గీతలు వంపును అనుసరించి తామూ వంగుతున్నాయి. అంటే వంపును సుత్తితోనే తెచ్చారు, తిన్నని పట్టీని ఆకురాయితో అరగదీసి వంకర చేయలేదు. అలా అరగదీసి ఉంటే గీతలు వాదర దగ్గర తెగిపోయి కనిపించేవి. రెండుసార్లు తిరిగే వంపును, రెండు వైపులా సమానంగా దిగే ఈనెతో కలిపి కొట్టి తేవడం ఎంత కష్టమో కొడవలి చేసినవాడికి తెలుస్తుంది. కొడవలికి ఒక వాదరే, ఒక వంపే.

మొన దగ్గర మందం ఎంతో కొలిచి చెప్పగలరా?

గోదారిగట్టు:
కొలిచాను. అలుగు నడిమిలో ఈనె దగ్గర 5 మిల్లీమీటర్లు. మొనకు రెండు సెంటీమీటర్ల ఇవతల 6.

కొలిమిగాలి:
అనుకున్నదే. మొన సన్నబడాల్సిన చోట లావెక్కింది. గొలుసు కవచపు ఉంగరాల్లో దూరి వాటిని విడదీయడానికి మొనను అలా బలంగా ఉంచేవారు. అలంకారం కోసమే చేసిన బాకుకు ఈ శ్రమ ఎవరూ పడరు. ఈ అలుగు చేసినవాడు దర్బారు కోసం చేయలేదు, నడుముకు కట్టుకుని తిరిగేవాడి కోసం చేశాడు.

విశాఖతీరం:
నా మాట వెనక్కి తీసుకుంటున్నాను. అయినా ఒక సందేహం. రాజస్థాన్‌లో ఇప్పటికీ ఇలాంటివి చేసి పాతవని అమ్ముతారని విన్నాను. మామూలు ఇనుము మీద ఆమ్లంతో అలల గీతలు వేయడం పెద్ద పని కాదు కదా?

పాతకత్తి:
మంచి ప్రశ్న. ఉదయపూర్‌లో కోఫ్త్‌గరీ (ఇనుము మీద బంగారు తీగను అదిమే పని) ఇప్పటికీ సజీవంగా ఉంది, వారు కొత్తది కొత్తదిగానే అమ్ముతారు. మధ్యవర్తుల చేతిలో పడ్డాకే అది పాతదవుతుంది. వేసిన గీతలను పట్టుకోవడానికి మూడు గుర్తులున్నాయి. వేసిన గీత ఈనె మీదా, పల్లంలోనూ, వాదర దగ్గరా ఒకే తీరుగా ఉంటుంది. అసలు జౌహర్ లోహాన్ని అరగదీసిన కోణాన్ని బట్టి మారుతుంది. పొరలు పొరలుగా అతికించి చేసిన నేటి ‘డమాస్కస్’ వంటింటి కత్తుల్లో గీతలు తెంపు లేకుండా పొడవుగా సాగుతాయి, దీనిలో అవి చుక్కలు చుక్కలుగా విరిగి ఉంటాయి. మూడోది, మన మిత్రుని బాకు విషయంలో చక్రం చేసిన మేలు: రుద్దిన వైపున కూడా ఏటవాలు వెలుతురులో గీతల ఛాయ కనిపిస్తుందేమో చూడాలి.

గోదారిగట్టు:
కిటికీ దగ్గర పొద్దుటి ఎండలో చూశాను. ఉంది. చాలా పలుచగా, తడి ఆరిన గచ్చు మీది మరకలా కనిపిస్తోంది.

చార్‌కమాన్:
మా కుటుంబం మూడు తరాలుగా నగల పనిలో ఉంది, అందుచేత బంగారం గురించి చెబుతాను. భూతద్దం పెట్టి రెండు చోట్ల చూడండి: లత ఉన్న చోట, అంకెలు ఉన్న చోట. బంగారం అరిగిన అంచున కింద ఇనుము మీద అడ్డదిడ్డంగా సన్నని గాట్లు, బట్ట నేతలా కనిపిస్తున్నాయా? లేక బంగారం ఒక చెక్కిన గాడిలో కూర్చుని ఉందా?

గోదారిగట్టు:
లత గాడిలో ఉంది. రుద్దిన వైపు కూడా అది చెక్కుచెదరలేదు. అంకెలు, అక్షరాలు మాత్రం మీరన్న గాట్ల మీద ఉన్నాయి. నాకు ఇప్పుడు భయం వేస్తున్న సంగతి ఒకటుంది: అంకెలు రుద్దిన వైపే ఉన్నాయి, సగం చెరిగిపోయాయి. రెండో అంకె 2 అనుకున్నాను గాని ఇప్పుడు 1 లాగా నిలువుగీతే కనబడుతోంది. మరి ఇది 1215 కాక 1115 అయితే?

చార్‌కమాన్:
కంగారు పడకండి, ముందు గాట్ల సంగతి చూద్దాం. మీ బాకు మీద రెండు వేర్వేరు పనులున్నాయి. గాడి చెక్కి, గాడి అంచులను లోపలికి కొద్దిగా విశాలం చేసి, అందులో బంగారు తీగను కొట్టి దించడాన్ని తహనిషాన్ అంటారు. బంగారం ఎక్కువ పడుతుంది, పని నెమ్మది, కాని వందల ఏళ్లు ఊడదు. ఇనుము మీద గీరి గరుకు చేసి, ఆ గరుకు మీద పలుచని తీగను పరచి, సుత్తితో అదిమి, ఆపై నున్నని రాతితో రుద్దడం కోఫ్త్‌గరీ. అది చవక, త్వరగా అవుతుంది, రాపిడికి నిలవదు. మీ దుకాణం వారి చక్రం కింద లత బతికి అంకెలు చెరగడం ఈ తేడా వల్లనే.

ఒకే పనివాడు ఒకే రోజున లతను తహనిషాన్‌లో చేసి పక్కనే అంకెలను కోఫ్త్‌గరీలో చేయడం వింతగా ఉంటుంది. అంకెలు తరువాత వేరొకరు వేసినవని నా నమ్మకం.

ఇక రెండో అంకె. అరబ్బీ అంకెల్లో 2కు పైన చిన్న కొక్కెం ఉంటుంది, అది పోతే 1 అవుతుంది. కోఫ్త్‌గరీలో పైబంగారం పోయినా గాట్ల అడుగున రేణువులు మిగులుతాయి. గాట్లు అంకె దాటి కూడా పరచుకుని ఉంటాయి కనుక వాటి ఆకారాన్ని నమ్మకండి. ఏ గాట్లలో పసుపు మెరుస్తోందో అది మాత్రమే చూడండి. దీపాన్ని పక్కనుంచి పెట్టండి.

గోదారిగట్టు:
ఫోను దీపం బల్ల మీద పడుకోబెట్టి చూశాను. నిలువుగీత పైన కుడివైపుకు వంగి పసుపు చుక్కలు ఐదారు వరసగా ఉన్నాయి. కొక్కెమే. కనుక 1215.

పాతకత్తి:
అయితే అది హిజ్రీ సంవత్సరమైతే 1800–01 అవుతుంది, నిజాం అలీ ఖాన్ పాలన చివరి రోజులు. 1115 అయి ఉంటే 1703–04, ఔరంగజేబు కాలం. ఒక్క కొక్కెం విలువ సుమారు వందేళ్లు!

అయినా రెండు జాగ్రత్తలు చెప్పాలి. ఒకటి, చార్‌కమాన్ గారు చెప్పినట్టు అది బంగారం తేదీ, అలుగు తేదీ కాదు. అలుగు అంతకంటే ముందుదే కావాలి, ఎంత ముందో అంకె చెప్పదు. రెండు, నాలుగంకెలన్నీ సంవత్సరాలు కానక్కరలేదు, ఆయుధశాల వరుస సంఖ్య కూడా కావచ్చు. బికనీర్ ఆయుధశాల వారు వస్తువుల మీద దేవనాగరిలో చుక్కలు పొడిచి రాసుకునేవారు. ఔరంగజేబు పక్షాన దక్కనులో పోరాడిన బికనీర్ రాజు అనూప్‌సింగ్ 1680ల చివర ఆదోని కోట నుంచి పట్టుకెళ్లిన దక్కను ఆయుధాలు ఎన్నో ఈ చుక్కల రాతతోనే ఇప్పుడు గుర్తింపబడుతున్నాయి. మన కర్నూలు సీమ కోటలోని బాకులు రాజస్థాన్ ఎడారి మీదుగా లండనుకూ న్యూయార్కుకూ చేరాయన్నమాట. అయితే వరుస సంఖ్యకు ఎవరూ బంగారం ఖర్చు పెట్టరు కనుక, మీది సంవత్సరమే అన్న వైపు నేను మొగ్గుతాను.

ప్రవాసి:
న్యూజెర్సీ నుంచి రాస్తున్నాను. న్యూయార్కు మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఈ బాకులను తరచుగా చూస్తుంటాను. అక్కడ బీజాపూరుదో గోల్కొండదో అయిన పదహారో శతాబ్దపు బాకు ఒకటుంది. రాగి పోతపోసి బంగారు పూత పెట్టిన పిడిలో మృగాలు ఒకదానినొకటి పట్టుకుని పెనుగులాడుతుంటాయి, నడుమ కెంపులు. దక్కను చేతి ఉధృతి అంతా అందులో ఉంది. దాని తరువాత షాజహాను కాలపు నీలగాయి తల పిడిని చూస్తే, ముక్కుపుటాల దగ్గర చర్మం మడత దాకా రాతిలో తెచ్చిన ఆ నిదానం మరో లోకంలా ఉంటుంది. మీ పిడి ఈ రెండో దారికి దగ్గరది.

మీ పిడి రాయి జేడ్ అనే గట్టి ఆకుపచ్చ రాయి అయితే దాన్ని ఉలితో చెక్కరు. అది రాళ్ల గట్టిదనాన్ని చెప్పే మోస్ కొలతలో 6 నుంచి 6.5 గట్టిది, పైగా లోపలి పోగులు ఒకదానిలో ఒకటి అల్లుకుని ఉంటాయి కనుక సులభంగా పగలదు. విల్లుతో తిప్పే చక్రానికి కురువిందపు పొడి, నీళ్లు తగిలిస్తూ రోజుల తరబడి అరగదీయాలి. మన కురువిందం అన్న పేరే ఆంగ్లంలో కొరండంగా స్థిరపడిందని అంటారు. మొగలాయిల జేడ్ ఖోతాన్ ప్రాంతం నుంచి వచ్చేది. సర్పెంటైన్ అనే మెత్తని రాయి కూడా ఇదే రంగులో దొరుకుతుంది, దానిమీద వందేళ్ల వాడకం గీతలు కనిపిస్తాయి. మీ పిడి మీద గీతలు ఉన్నాయా?

గోదారిగట్టు:
ఒక్కటీ లేదు. అలుగు మీద మాత్రం లెక్కలేనన్ని.

చార్‌కమాన్:
జేడ్ అయ్యే అవకాశం ఎక్కువే. రాళ్లు ఊడిన రెండు గుంటలను చిత్రంలో చూశాను. అడుగున నల్లని లక్క, దాని మీద వెండిరేకు తునక, చుట్టూ పళ్లు లేని బంగారు కట్టు. ఇది కుందన్ పని. మేలిమి బంగారాన్ని పలుచని రేకులుగా కొట్టి, రాయి చుట్టూ ఒక్కొక్క పొర ఉక్కు కమ్మీతో అదుముతారు. శుద్ధమైన బంగారం కనుక వేడి లేకుండానే పొరకు పొర అతుక్కుని ఒకే ముద్ద అవుతుంది. నిప్పు తగలనక్కర లేనందునే జేడ్ వంటి రాతిలో కెంపులు పొదగడం వీలైంది. తెలుగులో అపరంజికి కుందనం అంటాం కదా, ‘కుందనపు బొమ్మ’ అన్నప్పుడు ఈ పని గుర్తుకు రావాలి. కల్తీ బంగారంతో ఇది కుదరదు. ఆ గుంటల్లో ఎవరినీ జిగురు వేయనీయకండి.

లోహపుముక్క:
బంగారం మాటల్లో ఉక్కును మరిచిపోకుండా ఒక చిన్న ముచ్చట. 1621లో జలంధర్ దగ్గర ఉల్క పడితే జహంగీరు దాన్ని తెప్పించి, ఉస్తాద్ దావూద్‌కు ఇచ్చి ఆయుధాలు చేయమన్నాడు. ఆ ఇనుము సుత్తికి నిలవక చిట్లితే, మూడు పాళ్లు ఉల్క ఇనుములో ఒక పాలు మామూలు ఇనుము కలిపి రెండు కత్తులు, ఒక ఖంజర్, ఒక చాకు చేశారని జహంగీరు తానే రాసుకున్నాడు. చాకు ఇప్పుడు వాషింగ్టన్‌లోని ఫ్రీర్ సేకరణలో ఉంది. ఆ కాలపు పాదుషాకు తన కత్తి ఏ రాజు పేరుతో ఉందన్నదానికంటే ఏ ఇనుముతో అయిందన్న ఆసక్తి ఎక్కువ ఉండేదనిపిస్తుంది.

నిర్వాహకులు:
చర్చకు అడ్డు వస్తున్నందుకు మన్నించండి. బాకులు, తొమ్మిది అంగుళాలు మించిన అలుగుగల కత్తులు ఆయుధ నిబంధనల జాబితాలో ఉన్నాయి కనుక యజమాని స్థానిక పోలీసు వారి వద్ద స్పష్టత తీసుకోవడం మంచిది. వందేళ్లు దాటిన వస్తువు 1972 నాటి చట్టం ప్రకారం పురావస్తువు, దాన్ని ప్రైవేటు వ్యక్తులు దేశం దాటించరాదు. ఈ వేదికలో వెల కట్టడం, బేరాలు అనుమతించబడవు. రెండు సందేశాలు తొలగించాం.

గోదారిగట్టు:
అమ్మే ఉద్దేశం లేదు. రుద్దిన వైపు జౌహర్‌ను మళ్లీ తేల్చవచ్చా, పిడి కొద్దిగా కదులుతోంది, దాన్ని బిగించవచ్చా అన్నవే మిగిలిన ప్రశ్నలు.

పాతకత్తి:
తేల్చవచ్చు, మీరు మాత్రం చేయకండి. ఆమ్లం ఆ కోఫ్త్‌గరీ కిందికి పాకితే మిగిలిన ఐదారు చుక్కలు కూడా పోతాయి. చింతపండు, నిమ్మకాయ, పటిక అన్నీ మానండి. పలుచగా ఖనిజ తైలం రాసి తుడవండి, చెమట చేతులతో ముట్టుకోకండి. పిడి లోపల అలుగు తోక లక్కతో నిలబడి ఉంటుంది. లక్క ఎండి పగిలితే కదులుతుంది. వేడిచేసి బిగించడం తేలికే గాని, అలా బిగించినవాడు ఎన్నోవాడో తెలుసుకునే అవకాశం పోతుంది. లక్క రంగును బట్టి పిడి ఎన్నిసార్లు మార్చారో నిపుణులు చెప్పగలరు. సాలార్‌జంగ్ మ్యూజియంలో జహంగీరు బాకు, నూర్జహాను పండ్లు కోసే చాకు ఉన్నాయి. వాటిని ఒకసారి చూసి, అక్కడి సంరక్షణ విభాగం వారిని సలహా అడగండి.

ప్రవాసి:
పాతకత్తి గారితో ఒక్క చోట విభేదిస్తాను. పిడి తరువాత మార్చినదని వారు దాదాపు నిశ్చయించేశారు. పిడికి అలుగు కలిసే చోట రాతి అంచు అలుగు వంపును అంగుళం మేర అచ్చంగా అనుసరిస్తోంది. వేరే అలుగుకు చేసిన పిడిని తెచ్చి పెడితే ఆ సంధి అంత సరిగా కుదరదు. రెండూ ఒకదానికొకటి పుట్టినవే అని నా వాదం.

పాతకత్తి:
లేదా పిడి చేసినవాడు పాత అలుగును ఎదుట పెట్టుకుని దానికి తగినట్టు రాతిని అరగదీశాడు. రోజుల తరబడి చక్రం తిప్పే ఓర్పు ఉన్నవాడికి ఆ అంగుళం ఎంత? లక్కను చూసే దాకా ఇద్దరిలో ఎవరం గెలిచామో తేలదు.

కొలిమిగాలి:
ఒరను ఎవరూ అడగలేదు!

గోదారిగట్టు:
ఒర కర్రది, మీద వెలిసిన ఎర్ర మఖ్మల్, కింద ఇత్తడి తొడుగు. మీరు అడిగాక బాకును అందులో పెట్టి చూశాను. ఇన్నేళ్లూ మేము కొంచెం బలవంతంగా తోసి పెడుతున్నామని ఇప్పుడు తెలిసింది. ఒర ఒక్కసారే వంగుతుంది, బాకు రెండుసార్లు వంగుతుంది. మొన చివర దాదాపు ఒకటిన్నర సెంటీమీటరు ఖాళీ మిగులుతోంది, ఒర లోపలి గోడ మీద మొన గీసిన గాటు ఒకటి లోతుగా ఉంది. ఈ ఒర మరే బాకుదో. ఇకమీదట దీన్ని ఒరలో పెట్టకుండా, ఉతికిన నూలుబట్టలో చుట్టి విడిగా ఉంచుతున్నాను.